రెండు బిందువులు, ఒక తరంగం: సైన్, కొసైన్ గ్రాఫులకు సమీకరణం రాసే పద్ధతి

హైదరాబాద్‌లో జూన్ 21న పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు ఉంటుంది. డిసెంబరు 21న సుమారు 11 గంటల 5 నిమిషాలు. మిగతా రోజుల సంగతి ఎవరూ చెప్పకపోయినా, ఈ రెండు సంఖ్యలు చేతిలో ఉంటే సంక్రాంతి నాటి పగలు ఎంతసేపో, ఆగస్టు 15 నాటి పగలు ఎంతసేపో దాదాపు నిమిషం తేడాలో లెక్కగట్టవచ్చు. పగటి నిడివి ఏడాది పొడవునా సైన్ వక్రంలాగే పెరిగి తరుగుతుందని ఒప్పుకుంటే చాలు. ఆ ఒప్పుకోలు ఎంతవరకు చెల్లుతుందన్నది వేరే ప్రశ్న. దానికీ జవాబు ఉంది, కానీ ముందు సమీకరణం రాయాలి.

సమీకరణం ఇచ్చి గ్రాఫు గీయమంటే ఎవరైనా ఒక పట్టిక వేసుకుని, విలువలు కట్టి, చుక్కలు పెట్టి కలుపుతారు. గ్రాఫు ఇచ్చి సమీకరణం రాయమంటే ఆ పట్టిక పనికిరాదు. అక్కడే చాలామంది విద్యార్థులు ఏదో సూత్రం మరిచిపోయామనుకుని కంగారు పడతారు. నిజానికి ఇందులో కంఠస్థం చేయవలసిన సూత్రం ఏదీ లేదు. ఊగుతున్న ఉయ్యాలను చూసి అడిగే ప్రశ్నలే గ్రాఫునూ అడగాలి. ఏ నిలకడైన చోటుకు అటూ ఇటూ ఊగుతోంది? ఆ చోటి నుంచి ఎంత దూరం పోతోంది? ఒకసారి పోయి రావడానికి ఎంత సమయం పడుతోంది? మనం గడియారం చూడడం మొదలుపెట్టినప్పుడు ఎక్కడ ఉంది? ఈ నాలుగు జవాబులే సమీకరణంలోని నాలుగు సంఖ్యలు. మాటల్లో రాస్తే ఇలా ఉంటుంది:

విలువ = మధ్యరేఖ + కంపన పరిమితి × కొసైన్(గుణకం × (కాలం − ఆరంభం))

ప్రశ్నలను ఈ వరసలోనే అడగడం మంచిది. మధ్యరేఖ తెలియకుండా కంపన పరిమితి తెలియదు, ఎందుకంటే అది మధ్యరేఖ నుంచి కొలిచే దూరం. ఆవర్తనం, అంటే ఒకసారి పోయి రావడానికి పట్టే సమయం, తెలియకుండా ఆరంభాన్ని ముందుకో వెనక్కో జరపడం కుదరదు. నాలుగింటిలోనూ ఎక్కువ తప్పులు జరిగేది ఆరంభం దగ్గరే. దాన్ని మొదటే పట్టుకోబోతే మిగిలినవన్నీ చిక్కుపడతాయి.

ఇప్పుడు హైదరాబాద్ పగటిని నిమిషాల్లోకి మార్చుకుందాం. గరిష్ఠం 790, కనిష్ఠం 665. రెండింటి సగటు 727.5. అదే మధ్యరేఖ. రెండింటి తేడా 125, అందులో సగం 62.5. అది కంపన పరిమితి. ఆవర్తనం 365 రోజులని ముందే తెలుసు. ఒక పూర్తి చుట్టుకు 360 డిగ్రీలు కనుక రోజుకు 360ని 365తో భాగిస్తే వచ్చే 0.986 డిగ్రీలు గుణకం. జనవరి 1ని ఒకటో రోజుగా లెక్కిస్తే జూన్ 21 అనేది 172వ రోజు. కొసైన్ శిఖరం మీదే మొదలవుతుంది కాబట్టి ఆరంభం 172.

పగటి నిడివి = 727.5 + 62.5 × కొసైన్(0.986° × (రోజు − 172))

సంక్రాంతికి, అంటే జనవరి 14కు, రోజు విలువ 14. 172 నుంచి వెనక్కి 158 రోజులు. 0.986తో గుణిస్తే దాదాపు 155.8 డిగ్రీలు. దాని కొసైన్ −0.912. 62.5తో గుణిస్తే −57. అంటే 670.5 నిమిషాలు, 11 గంటల పదిన్నర నిమిషాలు. సూర్యుడి స్థానాన్ని బట్టి ఖగోళ లెక్క నేరుగా కడితే ఆ రోజు పగలు 11 గంటల 11 నిమిషాలు వస్తుంది. ఆగస్టు 15కు సమీకరణం 12 గంటల 44 నిమిషాలు చెబుతుంది, ఖగోళ లెక్క 12 గంటల 43. రెండంటే రెండే బిందువుల నుంచి పుట్టిన సమీకరణానికి ఇది చిన్న విజయం కాదు.

మధ్యరేఖ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పగలూ రాత్రీ సగం సగం అనుకుంటే అది 720 దగ్గర, అంటే సరిగ్గా 12 గంటల దగ్గర ఉండాలి. ఏడున్నర నిమిషాలు ఎక్కువ ఎందుకొచ్చాయి? సూర్యబింబం పై అంచు కనిపించగానే సూర్యోదయం అంటాం, పై అంచు కనుమరుగయ్యాకే సూర్యాస్తమయం అంటాం. బింబానికి ఉన్న వెడల్పు అలా పగటికి కలుస్తుంది. దానికి తోడు, వాతావరణం కాంతిని వంచడం వల్ల దిగంతం దగ్గర సూర్యుడు అసలు ఉన్నచోటు కన్నా సుమారు అర డిగ్రీ పైన కనిపిస్తాడు. రెండూ కలిసి మన అక్షాంశంలో పగటికి ఏడు నిమిషాలకు పైగా చేర్చి పెడతాయి. రెండు సంఖ్యల సగటు తీయడమనే అతి మామూలు పనిలో వాతావరణపు ఆనవాలు దొరికింది. గ్రాఫులో మధ్యరేఖను యాంత్రికంగా గీసి వదిలేసేవారికి ఇది అందదు.

సైన్, కొసైన్ వక్రాల ఒక ఆవర్తనంలో కీలక బిందువులు ఐదు. కొసైన్‌కైతే శిఖరం, మధ్యరేఖ, లోయ, మధ్యరేఖ, మళ్లీ శిఖరం. సైన్‌కు మధ్యరేఖ, శిఖరం, మధ్యరేఖ, లోయ, మధ్యరేఖ. భౌతికశాస్త్ర పుస్తకాలు శిఖరాన్ని శృంగమనీ, లోయను ద్రోణి అనీ అంటాయి. ఒక బిందువుకూ తర్వాతి బిందువుకూ మధ్య దూరం ఎప్పుడూ పావు ఆవర్తనమే. ఈ పావు లెక్క అలవాటైతే పని సగం అయిపోయినట్టే. శృంగం నుంచి పక్కనే ఉన్న ద్రోణికి రెండు పావులు. శృంగం నుంచి మధ్యరేఖకు ఒక పావు. మధ్యరేఖను ఒకసారి దాటిన చోటు నుంచి మళ్లీ అదే దిశలో దాటే చోటుకు నాలుగు పావులు. ప్రశ్నలో ఏ రెండు బిందువులు ఇచ్చినా, వాటి మధ్య ఎన్ని పావులున్నాయో లెక్కపెడితే ఆవర్తనం బయటపడుతుంది.

పాఠ్యపుస్తకం తరహా లెక్క ఒకటి చూద్దాం. ఒక వక్రానికి (30°, 7) దగ్గర గరిష్ఠం, దాని తర్వాత మొదట వచ్చే కనిష్ఠం (120°, 1) దగ్గర. మధ్యరేఖ 4, కంపన పరిమితి 3. రెండు బిందువుల మధ్య 90 డిగ్రీలు, అంటే రెండు పావులు. ఆవర్తనం 180 డిగ్రీలు, గుణకం 360 ÷ 180 = 2. గరిష్ఠం 30 డిగ్రీల దగ్గర ఉంది కనుక:

వై = 4 + 3 కొసైన్ 2(ఎక్స్ − 30°)

ఇదే వక్రాన్ని సైన్‌తో రాయాలంటే శృంగానికి ఒక పావు ముందు, మధ్యరేఖను పైకి దాటే చోటు కావాలి. పావు 45 డిగ్రీలు. 30 నుంచి 45 వెనక్కి వెళితే −15.

వై = 4 + 3 సైన్ 2(ఎక్స్ + 15°)

లోయ నుంచి మొదలుపెట్టాలనిపిస్తే కొసైన్‌ను తలకిందులు చేయవచ్చు: వై = 4 − 3 కొసైన్ 2(ఎక్స్ − 120°). మూడూ ఒకే వక్రం. ఎక్స్ బదులు ఏ విలువ పెట్టినా మూడింటి నుంచీ ఒకే జవాబు వస్తుంది. సమాధానాల పట్టికలో సైన్ ఉండి, తన కాగితం మీద కొసైన్ వచ్చిందని విద్యార్థి కొట్టివేతలు మొదలుపెట్టడం చూస్తే బాధ కలుగుతుంది. అతను రాసింది ఒప్పే. ఇచ్చిన బిందువు శృంగమో ద్రోణో అయితే కొసైన్ దగ్గరి దారి, మధ్యరేఖ మీది బిందువైతే సైన్ దగ్గరి దారి. వాటి మధ్య అంతకు మించిన తేడా లేదు.

నిజమైన తప్పు కుండలీకరణం దగ్గర జరుగుతుంది. 2(ఎక్స్ − 30°) అని రాయవలసిన చోట (2ఎక్స్ − 30°) అని రాస్తారు. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. కానీ మొదటిదాన్ని విప్పితే 2ఎక్స్ − 60° వస్తుంది. రెండో రూపంలో వక్రం 30 డిగ్రీలు కాకుండా 15 డిగ్రీలే జరుగుతుంది. సరిచూసుకోవడం తేలిక: ఎక్స్ స్థానంలో 30 పెట్టాలి. సరైన సమీకరణంలో కొసైన్ సున్నా డిగ్రీలు, విలువ 1, వై = 7. తప్పు సమీకరణంలో కొసైన్ 30 డిగ్రీలు వచ్చి వై దాదాపు 6.6 దగ్గర ఆగిపోతుంది. ఇచ్చిన బిందువును తిరిగి సమీకరణంలో పెట్టి చూడడానికి పది సెకన్లు చాలు. ఆ పది సెకన్లు వెచ్చించే అలవాటును ఏ సూత్రం కన్నా ముందు నేర్పాలి.

ఆ లెక్కలో 'తర్వాత మొదట వచ్చే కనిష్ఠం' అన్న మాట గమనించారా? ఆ మాట లేకపోతే లెక్క తేలదు. (30°, 7), (120°, 1) మధ్యలో మరో ద్రోణి, మరో శృంగం దాగి ఉండవచ్చు. అప్పుడు ఆ 90 డిగ్రీలు రెండు పావులు కాదు, ఆరు పావులు. ఆవర్తనం 60 డిగ్రీలు, గుణకం 6. అదీ ఆ రెండు బిందువుల గుండానే పోతుంది. పది పావులైతే ఇంకో వక్రం. ఇలా అంతులేనన్ని సమీకరణాలు ఇచ్చిన రెండు బిందువులకూ సరిపోతాయి. గ్రాఫు కళ్లెదుట ఉన్నప్పుడు ఈ బాధ లేదు, మధ్యలో ఏముందో కనిపిస్తుంది. బిందువులు మాత్రమే ఇచ్చినప్పుడు ఆ ఒక్క మాటే ఆధారం.

సైన్ అన్న పేరు వెనుక ఉన్న ప్రయాణం తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా పట్టదగినది. మన బడి రేఖాగణితంలో వృత్తంలోని వంపు ముక్కను చాపం అంటాం, దాని రెండు కొనలను కలిపే గీతను జ్యా అంటాం. చాపం అంటే విల్లు, జ్యా అంటే వింటినారి. ఆర్యభటుడు ఈ నారిలో సగాన్ని, అంటే అర్ధజ్యాను పట్టికగా కట్టాడు. ఆ అర్ధజ్యాయే నేటి సైన్. వాడుకలో అర్ధ పోయి జ్యా మిగిలింది. అది అరబ్బీలోకి జీబాగా వెళ్లింది. ఆ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు కనుక తర్వాతివారు దాన్ని మడత, ఒంపు అనే అర్థమున్న జైబ్‌గా చదివారు. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి అనువదించినవారు అదే అర్థంతో సైనస్ అన్నారు. కోటిజ్యా అంటే కోణాన్ని 90 డిగ్రీలకు పూరించే కోణపు జ్యా. అదే కొసైన్. సైన్, కొసైన్‌ల మధ్య పావు ఆవర్తనం తేడా మాత్రమే ఉందన్న సంగతి ఆ పేరులోనే ఉంది. ఈనాటి తెలుగు విద్యార్థి రేఖాగణితంలో జ్యా అనీ, త్రికోణమితిలో సైన్ అనీ రెండు వేర్వేరు మాటలు నేర్చుకుంటాడు. ఒకే మాట రెండు దారుల్లో తన దగ్గరికి వచ్చిందని చెప్పేవారు అరుదు.

ఆర్యభటుడి పట్టికలో ఈ వ్యాసానికి అసలు ఆయువుపట్టు ఉంది. 499 నాటి ఆర్యభటీయంలో ఆయన సైన్ విలువలను నేరుగా ఇవ్వలేదు, ఒక విలువకూ తర్వాతి విలువకూ తేడాలను ఇచ్చాడు. పావు వృత్తాన్ని 24 భాగాలు చేస్తే ఒక్కొక్కటి 3 డిగ్రీల 45 కళలు (60 కళలు ఒక డిగ్రీ). తేడాలు 225, 224, 222, 219, 215 అని మొదలై, తరుగుతూ తరుగుతూ చివరికి 51, 37, 22, 7 దగ్గర ఆగుతాయి. అన్నీ కలిపితే 3438, అదే ఆయన తీసుకున్న వ్యాసార్ధం. ఆ మొదటి సంఖ్యనూ చివరి సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూడండి: 225, 7. మధ్యరేఖను దాటేటప్పుడు వక్రం ఒక అడుగులో 225 ఎక్కుతుంది. శిఖరానికి చేరే చివరి అడుగులో 7 మాత్రమే ఎక్కుతుంది. అడుగు వెడల్పు మాత్రం రెండు చోట్లా ఒకటే.

దీని అర్థం ఏమిటంటే, కీలక బిందువులన్నీ ఒకే రకం సాక్షులు కావు. శిఖరం ఎత్తును కచ్చితంగా చెబుతుంది, కాలాన్ని తడబడుతూ చెబుతుంది. మధ్యరేఖను దాటే బిందువు కాలాన్ని కచ్చితంగా చెబుతుంది. హైదరాబాద్ పగటినే తీసుకుంటే, జూన్ 21కి పది రోజుల ముందైనా పది రోజుల తర్వాతైనా పగటి నిడివిలో తేడా ఒక నిమిషం కూడా ఉండదు. గోడ కేలండర్‌లో సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలను నిమిషాల్లో చూసి ఏడాదిలో అతి పొడవైన పగలు ఏదో చెప్పమంటే చెప్పలేం. వరసగా ఎన్నో రోజుల పాటు ఒకే సంఖ్య కనిపిస్తుంది. అదే మార్చి మూడో వారంలో పగలు రోజుకు సుమారు ఒక నిమిషం పెరుగుతుంది. ఏ రోజు మధ్యరేఖ దాటిందో ఒకటి రెండు రోజుల తేడాలో పట్టుకోవచ్చు.

కాబట్టి గ్రాఫు కాగితం మీద గీసిన వక్రం నుంచి సమీకరణం రాసేటప్పుడు మధ్యరేఖ, కంపన పరిమితుల కోసం శిఖరాన్నీ లోయనూ చూడాలి. ఆవర్తనం, ఆరంభం కోసం వక్రం మధ్యరేఖను దాటిన చోట్లు చూడాలి. చదునుగా ఉన్న శిఖరం మీద సరిగ్గా మధ్య ఎక్కడో కంటితో వెతకడం కన్నా, నిటారుగా దాటే రెండు చోట్లను గుర్తించి వాటి మధ్యబిందువు తీసుకుంటే శిఖరం స్థానం ఎంతో మెరుగ్గా దొరుకుతుంది. బిందువులు అంకెల్లో ఇచ్చే పరీక్ష లెక్కల్లో ఈ తేడా తెలియదు. ప్రయోగశాలలో, కొలిచిన విలువలతో పని పడినప్పుడు ఇది తెలియనివాడు ప్రతిసారీ ఆరంభం దగ్గర తప్పుతాడు.

ఇంట్లోని కరెంటు కూడా ఇలాంటి వక్రమే, అక్కడ తప్పు ఇంకో చోట పొంచి ఉంది. మన దేశంలో ఇళ్లకు వచ్చే సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. సెకనుకు 50 ఆవర్తనాలు, ఒక ఆవర్తనానికి 20 మిల్లీసెకన్లు, పావుకు 5 మిల్లీసెకన్లు. మధ్యరేఖ సున్నా. ఇక కంపన పరిమితి 230 అని రాసేస్తే తప్పే. 230 అనేది వేడి పుట్టించే శక్తిని బట్టి లెక్కకట్టిన ప్రభావక విలువ. దాన్ని రెండు యొక్క వర్గమూలంతో గుణిస్తే అసలు శిఖరం దొరుకుతుంది, దాదాపు 325 వోల్టులు. కాలాన్ని సెకన్లలో తీసుకుని, వోల్టేజి సున్నాను పైకి దాటే క్షణం నుంచి లెక్కిస్తే:

వోల్టేజి = 325 × సైన్(18000° × కాలం)

18000 అన్నది 360 డిగ్రీలు 50 సార్లు. ఇంజనీరింగ్ పుస్తకాలు దీన్నే రేడియన్లలో 100π అని రాస్తాయి. డిగ్రీల్లో ఆలోచించినా రేడియన్లలో ఆలోచించినా అభ్యంతరం లేదు, ఒకే సమీకరణంలో రెండూ కలపకూడదు, అంతే. కాలిక్యులేటర్ ఏ పద్ధతిలో ఉందో చూసుకోకుండా మీట నొక్కితే సరైన సమీకరణం కూడా తప్పు జవాబే ఇస్తుంది.

ఇప్పుడు మొదట వాయిదా వేసిన ప్రశ్న. పగటి నిడివి నిజంగా సైన్ వక్రమేనా? కాదు. హైదరాబాద్‌కు దాదాపుగా అవును, అంతే. పై సమీకరణం ప్రకారం వక్రం రెండోసారి మధ్యరేఖ దాటేది సెప్టెంబరు 20న. నిజమైన విషువత్తు, అంటే సూర్యుడు భూమధ్యరేఖకు సరిగ్గా ఎదురుగా వచ్చే రోజు, సెప్టెంబరు 22 లేదా 23. భూమి కక్ష్య దీర్ఘవృత్తం కావడమే కారణం. జూలై మొదట్లో భూమి సూర్యుడికి దూరంగా ఉండి నెమ్మదిగా కదులుతుంది, జనవరి మొదట్లో దగ్గరగా ఉండి వేగంగా కదులుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు విషువత్తు వరకు ఉన్న పావు సుమారు 93.6 రోజులు, డిసెంబరు నుంచి మార్చి విషువత్తు వరకు ఉన్న పావు 89 రోజులే. సైన్ వక్రంలో నాలుగు పావులూ సమానం, భూమికి ఆ నియమం లేదు.

ఉత్తరానికి పోయేకొద్దీ తేడా పెరుగుతుంది. లండన్‌లో ఉంటున్న తెలుగువారు జూన్‌లో 16 గంటల 38 నిమిషాల పగటినీ, డిసెంబరులో 7 గంటల 50 నిమిషాల పగటినీ చూస్తారు. అవే ప్రశ్నలు అడిగితే మధ్యరేఖ 12 గంటల 14 నిమిషాలు, కంపన పరిమితి 4 గంటల 24 నిమిషాలు. గుణకం, ఆరంభం హైదరాబాద్‌వే. ఆ సమీకరణం ప్రకారం సంక్రాంతి నాడు అక్కడి పగలు 8 గంటల 13 నిమిషాలు. ఖగోళ లెక్క ప్రకారం 8 గంటల 17. నాలుగు నిమిషాలు తప్పింది. ఆర్కిటిక్ వృత్తం దాటాక పద్ధతే కూలిపోతుంది. అక్కడ పగలు 24 గంటలకు చేరి, రోజుల తరబడి అక్కడే నిలిచిపోతుంది. పైభాగం కత్తిరించినట్టుండే ఆ వక్రానికి గరిష్ఠం, కనిష్ఠం రెండూ ఉన్నాయి, అవి తెలిస్తే ఒక సైన్ సమీకరణం రాయవచ్చు కూడా. అది మాత్రం ఆ వక్రానిది కాదు. ఆకారం సైన్ అవునో కాదో శిఖరం, లోయ ఎప్పుడూ చెప్పవు. మధ్యలో కొలిచిన మూడో బిందువును సమీకరణంలో పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

విశాఖ తీరంలో సముద్రపు ఆటుపోట్లది ఇంకో కథ. చంద్రుడి వల్ల వచ్చే ప్రధాన తరంగం ఆవర్తనం సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఒక రోజు పోటు ఎత్తు, ఆటు లోతు తీసుకుని సమీకరణం రాస్తే మరుసటి రోజుకు బాగానే పనిచేస్తుంది, వారం తిరిగేసరికి ఎత్తులు కుదరవు. సూర్యుడి వల్ల సరిగ్గా 12 గంటల ఆవర్తనంతో మరో తరంగం నడుస్తుండడమే కారణం. ఒకటి రెండోదాని కన్నా ఆవర్తనానికి 25 నిమిషాల చొప్పున, రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనకబడుతుంది. ఏడు రోజులు దాటేసరికి ఆ వెనకబాటు ఆరు గంటలకు చేరి, ఒకదాని శృంగం రెండోదాని ద్రోణి మీద పడుతుంది. అప్పుడు పోటు చిన్నది. ఇంకో ఏడు రోజులకు రెండు శృంగాలూ మళ్లీ కలుస్తాయి. అప్పుడు పోటు పెద్దది. పెద్ద పోట్లు అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లోనూ, చిన్నవి అష్టమి దరిదాపుల్లోనూ రావడం తీరంలో వలలు వేసే పల్లెకారులకు తరతరాలుగా తెలిసిన సంగతే. దాన్ని సమీకరణంగా రాయాలంటే ఒక మధ్యరేఖ, రెండు కంపన పరిమితులు, రెండు గుణకాలు, రెండు ఆరంభాలు కావాలి. శృంగాన్నీ ద్రోణినీ ఒక్కసారి చూసినంత మాత్రాన అవి దొరకవు, కనీసం ఒక పక్షం పాటు నీటి మట్టాన్ని గంట గంటకూ రాసుకోవాలి.